వాలు కప్పుకు ఎన్ని కట్టల షింగిల్స్ కావాలి? విశాఖ ఇళ్లకు సరిపడే లెక్క

ఎండాడలో ఒక ఇంటి వాలు కప్పుకు షింగిల్స్, అంటే పెంకులకు బదులు పరిచే తారు పలకలు, వేయించే పని మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు, ప్లాను కాగితం ముందు పెట్టుకుని గోడల కొలతలు చూశాను. పొడవు 36 అడుగులు, వెడల్పు 22 అడుగులు, వెరసి 792 చదరపు అడుగులు. ఒక్కో కట్ట 3 చదరపు మీటర్లు, అంటే సుమారు 32.3 చదరపు అడుగులు కప్పుతుందని కవరు మీద ఉంది. భాగిస్తే 25 కట్టలు వచ్చాయి. కోతలో పోయే తరుగు కింద నూటికి పది కలిపి 27 కట్టలు తెప్పించాను.

రోడ్డు వైపు వాలు పూర్తయింది, ముందు వరండా మీది కప్పూ పూర్తయింది. వెనక వాలులో చూరు నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా వచ్చేసరికి సరుకు అయిపోయింది. మళ్లీ ఆర్డరు పెట్టిన కట్టలు వచ్చేలోగా అక్టోబరు వానలు పడ్డాయి. వెన్ను మీద, అంటే రెండు వాలులూ పైన కలిసే చోట, టార్పాలిన్ కప్పి, ఇటుకలు బరువు పెట్టి, ప్రతి సాయంత్రం వెళ్లి చూసుకోవలసి వచ్చింది. వచ్చిన కట్టలు అదే కంపెనీవి, అదే రంగు పేరువి, కానీ వేరే బ్యాచ్‌లో తయారైనవి. ఇప్పటికీ ఆ ఇంటి వెనక వాలును పక్క డాబా మీద నుంచి చూస్తే, కింద మూడు అడుగులు ఒక ఛాయలోనూ, పైన మిగిలినదంతా కొంచెం ఎర్రగానూ కనిపిస్తుంది. ఇంటివారు ఏమీ అనలేదు, కానీ ఆ గీత నాకు కనిపిస్తూనే ఉంటుంది. అన్నీ కలిపి ఆ కప్పుకు చివరికి పట్టినవి 46 కట్టలు. 27కూ 46కూ మధ్య ఉన్న తేడా ఎక్కడెక్కడ నుంచి వచ్చిందో వరుసగా చెబితే, షింగిల్స్ లెక్క మొత్తం చెప్పినట్టే అవుతుంది. అందుకే ఈ వివరణకు ఆ ఇంటినే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొదట కట్టను చదవడం నేర్చుకోవాలి. తారు, ఫైబర్‌గ్లాస్ కలిపి చేసి పైన రాతి పలుకులు అద్దిన ఈ షింగిల్స్ మన మార్కెట్‌లో ఎక్కువగా మీటరు కొలతల్లో దొరుకుతాయి. ఒక్కో షింగిల్ పొడవు 1 మీటరు, ఎత్తు సుమారు 337 మిల్లీమీటర్లు ఉంటుంది. అయితే కప్పు మీద ఒకదానిపై ఒకటి ఎక్కించి వేస్తారు కాబట్టి, బయటికి కనిపించి పని చేసేది అడుగున ఉన్న 143 మిల్లీమీటర్లు మాత్రమే. మిగిలినదంతా పై వరుస కింద దాగిపోతుంది. కాబట్టి షింగిల్ మొత్తం వైశాల్యంతో లెక్క వేస్తే సగానికి సగం తక్కువ పడుతుంది. కట్టలో 21 షింగిల్స్ ఉంటే, 21ని ఒక మీటరు పొడవుతోనూ, 0.143 మీటర్లతోనూ హెచ్చించండి: 3.003 చదరపు మీటర్లు వస్తుంది. కవరు మీద ఉన్న 3 చదరపు మీటర్లకు అర్థం అదే. కట్టలో ఎన్ని ఉన్నాయన్నది కంపెనీని బట్టి మారుతుంది కనుక, దుకాణదారు నోటి మాట మీద ఆధారపడకుండా కవరు మీద అచ్చయిన సంఖ్యను మీరే చూసుకోండి.

అమెరికా కొలతల సరుకు తీసుకుంటే లెక్క కొంచెం వేరు. అక్కడి పాత కొలత షింగిల్ 36 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, బయటికి కనిపించేది 5 అంగుళాలు. అంటే ఒక్కోటి 180 చదరపు అంగుళాలు, ఒకటింబావు చదరపు అడుగు కప్పుతుంది. వంద చదరపు అడుగులకు 80 షింగిల్స్. ఆ వంద చదరపు అడుగులనే వారు ఒక స్క్వేర్ అంటారు, సాధారణంగా మూడు కట్టలు ఒక స్క్వేర్‌కు సరిపోతాయి. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కలు చాలామట్టుకు ఈ మూడు కట్టల సూత్రం మీదే నడుస్తాయి. మీ చేతిలో ఉన్నది 3 చదరపు మీటర్ల కట్ట అయితే, వంద చదరపు అడుగులకు మూడు కట్టలు చాలవు, 3.1 కట్టలు కావాలి. చిన్న తేడాలాగే కనిపిస్తుంది కానీ, పన్నెండు వందల అడుగుల కప్పు దగ్గర అది ఒక కట్టకు పైగా అవుతుంది.

ఇక కప్పును కొలవడం. నేను చేసిన మొదటి తప్పు గోడలను కొలవడం. కప్పు గోడ దగ్గర ఆగదు, చూరు బయటికి వస్తుంది. విశాఖలో వాన నిటారుగా పడదు, సముద్రపు గాలికి ఏటవాలుగా గోడకు కొడుతుంది. అందుకే ఇక్కడ చూరు రెండడుగులైనా ఉంచడం మంచి పద్ధతి. ఆ ఇంటికి నాలుగు వైపులా రెండేసి అడుగుల చూరు ఉంది. కాబట్టి కప్పు నేల మీద వేసే నీడ 36, 22 కాదు. 40 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు. అది 1,040 చదరపు అడుగులు. అంటే చూరు ఒక్కటే 248 చదరపు అడుగులు, గోడల లెక్కలో దాదాపు మూడో వంతు.

దీన్ని కొలవడానికి కప్పు ఎక్కవలసిన పని లేదు. చూరు చివర నుంచి దారానికి గుండు కట్టి కిందికి వదలండి, గుండు నేలను తాకే చోట సుద్దతో గుర్తు పెట్టండి. నాలుగు మూలలా అలా గుర్తు పెట్టి, టేపుతో గుర్తు నుంచి గుర్తుకు కొలవండి. అక్కడితో ఆగకుండా ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు కూడా కొలవండి. ఎదురెదురు అంచులూ, రెండు కర్ణాలూ సమానంగా ఉంటే కప్పు మూలమట్టంగా ఉన్నట్టు. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోనూ, వన్‌టౌన్‌లోనూ పాత ఇళ్లకు కొలతలు తీస్తే ఒక చివర వెడల్పు 25 అడుగులు, మరో చివర 25 అడుగుల 7 అంగుళాలు ఉండటం వింతేమీ కాదు. అలాంటి కప్పు మీద ప్రతి వరుస చివరా ఒక్కో కొలతలో కోయాలి, తరుగు పెరుగుతుంది. పెద్ద కొలతనే లెక్కలోకి తీసుకోండి.

ఆ ఇంటికి ముందు వైపు ఒక చిన్న వరండా ఉంది, దానికీ విడిగా రెండు వాలుల కప్పు ఉంది. చూరుతో కలిపి దాని వెడల్పు 10 అడుగులు, పెద్ద కప్పు చూరు నుంచి ముందుకు 6 అడుగులు వస్తుంది. ఈ చిన్న కప్పు పెద్ద కప్పు లోపలికి చొచ్చుకుపోయే చోట త్రికోణాలను విడిగా లెక్కవేయాలని చాలామంది కంగారు పడతారు. అక్కర లేదు. రెండు కప్పుల వాలూ ఒకటే అయినప్పుడు, పైనుంచి చూస్తే నేల మీద పడే నీడ వైశాల్యం ఎంతో తెలిస్తే చాలు. పెద్ద కప్పు మీద చిన్న కప్పు కప్పేసిన భాగం ఎంత తగ్గుతుందో, చిన్న కప్పు వల్ల అంతే కలుస్తుంది. కాబట్టి ముందుకు వచ్చిన 10, 6 అడుగుల భాగం, అంటే 60 చదరపు అడుగులు కలిపితే చాలు. మొత్తం నీడ 1,100 చదరపు అడుగులు. కట్టల్లో చెప్పాలంటే 34. ఇరవై అయిదు నుంచి ఇక్కడికే ముప్పై నాలుగుకు వచ్చాం, ఇంకా వాలు సంగతి ఎత్తుకోలేదు.

వాలును కొలవడం చిన్న పని, కానీ దాన్ని జాగ్రత్తగా చేయాలి. అటక లోపలి నుంచో, చూరు కింద నిలబడో, వాసం అడుగు భాగానికి రసమట్టం ఒక చివర ఆనించండి. గాలి బుడగ రెండు గీతల మధ్య నిలిచే దాకా రెండో చివరను పైకీ కిందికీ జరపండి. ఇప్పుడు మట్టం సరిగ్గా అడ్డంగా ఉంది, వాసం దాని నుంచి ఏటవాలుగా దూరమవుతోంది. ఆనించిన చివర నుంచి మట్టం మీద 12 అంగుళాలు కొలిచి పెన్సిలుతో గీత పెట్టండి. ఆ గీత దగ్గర నుంచి నిలువుగా వాసం అంచు దాకా టేపు పట్టండి. ఎన్ని అంగుళాలు వస్తే అది మీ కప్పు వాలు. ఆ ఇంటికి 5 అంగుళాలు వచ్చింది: 12 అంగుళాల అడ్డానికి 5 అంగుళాల ఎత్తు. ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా రెండు వాలుల మీదా మూడేసి చోట్ల చూడండి. పాత కర్ర వాసాలు మధ్యలో కుంగి ఉంటాయి, ఒక్క చోట కొలిస్తే అది మోసం చేస్తుంది. ఫోనులో ఉండే మట్టం డిగ్రీల్లో చూపిస్తుంది. 5 అంగుళాల వాలు అంటే 22.6 డిగ్రీలు, 4 అంటే 18.4, 6 అంటే 26.6 డిగ్రీలు.

ఈ వాలు నుంచి కప్పు అసలు వైశాల్యం తెలుసుకోవడానికి లంబకోణ త్రిభుజం లెక్క చాలు. అడ్డం 12, నిలువు 5 అయితే కర్ణం 13. అంటే నేల మీద 12 అంగుళాలు ఉన్న చోట వాలు మీద 13 అంగుళాలు ఉంటుంది, ప్రతి చదరపు అడుగూ 13ను 12తో భాగించినంత, 1.083 రెట్లు అవుతుంది. 3 అంగుళాల వాలుకు ఈ గుణకం 1.031, 4కు 1.054, 6కు 1.118, 8కి 1.202, 9కి సరిగ్గా 1.25, 12కు, అంటే 45 డిగ్రీలకు, 1.414. మధ్యలో అరలూ పావులూ వస్తే కర్ణం మీరే కట్టుకోండి: 12 వర్గానికి ఎత్తు వర్గం కలిపి, వర్గమూలం తీసి, 12తో భాగించాలి. మన ఇంటికి 1,100ను 13తో హెచ్చించి 12తో భాగిస్తే 1,191.67, అంటే 1,192 చదరపు అడుగులు. కట్టలు 37.

కప్పు శ్లాబు ఇప్పటికే పోసి ఉండి, మీరు మీదికి ఎక్కగలిగితే, ఈ గుణకం అవసరమే లేదు. వెన్ను నుంచి చూరు దాకా వాలు మీదనే టేపు పరిచి కొలవవచ్చు. మన ఇంటికి అది 14 అడుగుల 1 అంగుళం. దాన్ని 40తో హెచ్చించి రెండు వాలులకు రెట్టిస్తే పెద్ద కప్పు 1,127 చదరపు అడుగులని వస్తుంది, వరండా ముందు భాగం 65 కలిపితే మళ్లీ అదే 1,192. రెండు దారుల్లో చేసిన లెక్క కలిస్తేనే నేను ముందుకు వెళ్తాను. మూడో దారి కూడా ఉంది, అదే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: వరుసలు లెక్కపెట్టడం. 14 అడుగుల 1 అంగుళం అంటే 4,293 మిల్లీమీటర్లు. 143తో భాగిస్తే 30 వరుసలు. ఒక్కో వరుస 40 అడుగులు, అంటే 12.2 మీటర్లు, కాబట్టి వరుసకు 12.2 షింగిల్స్. ముప్పై వరుసలు, రెండు వాలులు, వెరసి 732 షింగిల్స్, 35 కట్టలు. వరండాకు మరో రెండు. మొత్తం 37. వేసే మేస్త్రీకి చదరపు అడుగులు చెప్పడం కన్నా వరుసలు చెబితే వెంటనే అర్థమవుతుంది, లెక్కలో తప్పుంటే ఆయనే పట్టుకుంటారు.

కప్పు వాలు మరీ తక్కువైతే షింగిల్స్ ఆలోచనే మానుకోవాలి. 12కు 2 కన్నా తక్కువ వాలు మీద వీటిని వేయకూడదు. 2కూ 4కూ మధ్య అయితే, నీరు దిగకుండా షింగిల్స్ కింద పరిచే పొర రెట్టింపు వేయాలి. డాబా మీద నీరు పోవడానికి పోసే చిన్న వాటం మీద షింగిల్స్ అతికించమని అడిగేవారు ఉన్నారు. ఆ నీరు ఏటవాలు గాలికి వరుసల కిందికి ఎక్కుతుంది, వేసిన సొమ్మంతా వృథా అవుతుంది.

ఇప్పుడు తరుగు. ఇక్కడ ఒక్క సంఖ్యతో పని జరగదు. ఏ మూలా లేని సాదా రెండు వాలుల కప్పుకు నూటికి 10 చాలు, ఎందుకంటే ఒక వరుస చివర కోసిన ముక్క పై వరుస మొదట పనికొస్తుంది. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పుకు గానీ, రెండు కప్పులు కలిసి లోపలి మూలలు పడ్డ కప్పుకు గానీ 15 పెట్టాలి, ఎందుకంటే అక్కడ ప్రతి షింగిల్‌నూ ఐమూలగా కోస్తారు, పోయిన త్రికోణం మరెక్కడా అమరదు. మన ఇంటికి ఉన్నది ఒక చిన్న వరండా, రెండు లోపలి మూలలు, ఒక్కోటి ఏడున్నర అడుగుల లోపే. కాబట్టి 12 పెట్టాను. 1,192కు నూటికి 12 కలిపితే 1,335, కట్టలుగా 41.3. దీన్ని అప్పుడే 42గా మార్చకండి. ఒక్కో అంకెనూ పైకి సవరిస్తూ పోతే చివరికి అక్కర లేని కట్టలు మూడో నాలుగో వచ్చి చేరతాయి. మొత్తం కూడిన తర్వాత ఒక్కసారి సవరిస్తే చాలు.

నాలుగు వాలుల కప్పు గురించి ఒక మాట, ఎందుకంటే మధురవాడ, కొమ్మాది వైపు కొత్త ఇళ్లకు ఇదే ఎక్కువగా అడుగుతున్నారు. అన్ని వైపులా వాలు ఒకటే అయితే, 40, 26 అడుగుల కప్పు రెండు వాలులదైనా, నాలుగు వాలులదైనా వైశాల్యం మారదు, అదే 1,127 చదరపు అడుగులు. ఇది చెబితే చాలామంది నమ్మరు. వాలు ఎటు తిరిగి ఉన్నా, ఆ 1.083 రెట్లు ఒకటే కదా. మారేది తరుగూ, వెన్నుల పొడవూ. రెండు వాలుల కప్పుకు వెన్ను 40 అడుగులు. నాలుగు వాలులకు మధ్య వెన్ను 14 అడుగులకు తగ్గి, మూలల నుంచి పైకి నాలుగు ఏటవాలు వెన్నులు వస్తాయి, ఒక్కోటి 19 అడుగుల పైచిలుకు. అన్నీ కలిపితే దాదాపు 91 అడుగులు. వెన్ను మీద పరిచే ముక్కలు రెట్టింపు కన్నా ఎక్కువ కావాలి. ఈ సంగతి గమనించక, వైశాల్యం ఒకటే కదా అని కట్టలు తెప్పించినవారు వెన్నుల దగ్గరికి వచ్చాక ఆగిపోతారు.

చదరపు అడుగుల్లోకి రాని రెండు ఖర్చులు ఇవే: చూరు అంచున వేసే మొదటి వరుస, వెన్ను మీద వేసే టోపీ ముక్కలు. ఆ రెంటినీ అడుగుల పొడవులో లెక్కవేయాలి.

చూరు అంచున మొదటి వరుస షింగిల్స్ కింద మరో పట్టీ వేస్తారు. షింగిల్స్‌కు మధ్య మధ్య చీలికలు ఉంటాయి కదా, మొదటి వరుసలో ఆ చీలికల కింద ఏమీ లేకపోతే వాన నీరు నేరుగా చెక్క మీదికి దిగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ పట్టీ మీద ఉండే జిగురు గీత మొదటి వరుసను అంచు దగ్గర పట్టి ఉంచుతుంది. గాలి కప్పును లేపడం మొదలు పెట్టేది అంచు నుంచే. అందుకే విశాఖలో చూరుకే కాకుండా, త్రికోణపు గోడల మీది ఏటవాలు అంచులకు కూడా ఈ పట్టీ వేయించమని నేను గట్టిగా చెబుతాను. మన ఇంటికి చూరు అంచులు: వెనక 40, ముందు వరండా వెడల్పు పోగా 30, వరండా పక్కలు రెండూ కలిపి 12, వెరసి 82 అడుగులు. ఏటవాలు అంచులు: పెద్ద కప్పువి నాలుగు, 14 అడుగుల 1 అంగుళం చొప్పున 56 అడుగుల 4 అంగుళాలు, వరండావి రెండూ కలిపి దాదాపు 11. మొత్తం 149 అడుగులు, అంటే 45.5 మీటర్లు. చీలికల మధ్య మూడు రెక్కలు ఉండే సాదా షింగిల్ అయితే రెక్కలు కోసేసి మిగిలిన మీటరు పట్టీని ఇక్కడ వాడవచ్చు. కాబట్టి 46 షింగిల్స్, విరిగేవాటితో కలిపి 48.

వెన్నుకు అదే షింగిల్‌ను మూడు ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కనూ వెన్ను మీద మడిచి, ఒక్కోటి 143 మిల్లీమీటర్లు బయటికి కనిపించేలా వరుసగా ఎక్కిస్తారు. అంటే ఒక షింగిల్ 0.43 మీటరు వెన్నును కప్పుతుంది. మన పెద్ద కప్పు వెన్ను 40 అడుగులు. వరండా వెన్ను ముందుకు వచ్చిన 6 అడుగులే కాదు, పెద్ద కప్పు లోపలికి మరో 5 అడుగులు వెళ్తుంది, కాబట్టి 11. వెరసి 51 అడుగులు, 15.5 మీటర్లు. దీనికి 37 షింగిల్స్, చివరల కోసం ఒకటి కలిపి 38. పట్టీకి 48, వెన్నుకు 38, మొత్తం 86 షింగిల్స్, కట్టకు 21 చొప్పున 4.1 కట్టలు. 41.3కు ఇది కలిపితే 45.4. ఇప్పుడు పైకి సవరించండి: 46 కట్టలు. రెండు పొరలు అతికించి మందంగా చేసిన ల్యామినేటెడ్ రకం తీసుకుంటే మాత్రం ఆ షింగిల్స్‌ను వెన్ను మీద మడవలేరు, పట్టీకీ పనికిరావు. ఆ రెంటికీ విడిగా సరుకు తీసుకోవాలి. వాటి కవరు మీద ఎన్ని మీటర్ల పొడవు వస్తుందో ఉంటుంది.

మేకుల లెక్క దగ్గర విశాఖ వాతావరణం ముందుకు వస్తుంది. మామూలు చోట షింగిల్‌కు నాలుగు మేకులు. గాలి ఎక్కువ ఉన్న చోట ఆరు. మన ఊరు ఏ కోవలోకి వస్తుందో ఆలోచించనక్కర లేదు. గాలి భారాల గురించి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు అది కాగితం మీది సంఖ్య కాదని ఊరంతా చూసింది. రేకులు, పెంకులు కాగితాల్లా లేచిపోయాయి, విమానాశ్రయం టెర్మినల్ కప్పు కూడా దెబ్బతింది. కాబట్టి ఆరు మేకులే కొట్టించండి, దానికి తగ్గట్టే కొనండి. మన కప్పుకు 41.3 కట్టలు, 868 షింగిల్స్, ఆరు చొప్పున సుమారు 5,200 మేకులు. పట్టీకి నాలుగు చొప్పున, వెన్ను ముక్కకు రెండు చొప్పున మరో 420. కింద పడిపోయేవీ, వంగిపోయేవీ కలిపి ఆరు వేలు తెప్పిస్తే నిండుగా ఉంటుంది. వేడి జింకు పూత పూసినవే తీసుకోండి. ఉప్పు గాలికి మామూలు మేకు తుప్పు పట్టి తల ఊడిపోతుంది. తల లేని మేకు షింగిల్‌ను పట్టదు.

కింద పరిచే పొరకు కప్పు వైశాల్యానికి నూటికి పది కలపండి, చుట్టల అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కాలి కనుక. కర్ర వాసాల మీద ప్లైవుడ్ పరిచే పని కూడా ఉంటే, 8, 4 అడుగుల షీటు 32 చదరపు అడుగులు. 1,192కు 37 షీట్లు పైన వస్తాయి, కోతతో కలిపి 41 తీసుకుంటే సరిపోతుంది. నీటిని తట్టుకునే రకమే వేయించాలి.

ఇక్కడ పెంకుటింటి వారికి కూడా ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే భీమిలి, వన్‌టౌన్ పాత ఇళ్లను బాగు చేయించేవారు తరచూ అడుగుతారు. మన వైపు బెంగళూరు పెంకులని కూడా పిలిచే మంగళూరు పెంకుకు, 410, 235 మిల్లీమీటర్ల కొలతదైతే, చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. ఇదే కప్పు 110.7 చదరపు మీటర్లు కాబట్టి 1,661 పెంకులు. దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు పగిలేవి కలిపి 1,750 దాకా. కొలతలు తీసే పద్ధతి ఒక్క అక్షరం మారదు. కాకపోతే పెంకుకు వాలు ఇంకా ఎక్కువ కావాలి, బరువు కూడా షింగిల్ కన్నా చాలా ఎక్కువ. షింగిల్స్ కోసం వేసిన సన్నని వాసాల మీద తర్వాత పెంకు ఎక్కించాలని అనుకోవద్దు.

ఆర్డరు పెట్టేటప్పుడు 46 కట్టలకు మరొక్కటి కలిపి 47 చెప్పండి, అన్నీ ఒకే బ్యాచ్‌లోవి కావాలని కాగితం మీద రాయించుకోండి. ఇక్కడి దుకాణాల్లో ఎక్కువ శాతం నమూనా పలకలే ఉంచుతారు, సరుకు ఆర్డరు మీద తెప్పిస్తారు; మధ్యలో అయిపోతే అదే బ్యాచ్ దొరకడం అరుదు. లారీ దిగగానే, సంతకం పెట్టే ముందు ప్రతి కట్ట మీదా బ్యాచ్ నంబరు చూడండి. రెండు నంబర్లు కలిసి వస్తే వెనక్కి పంపించండి. అది కుదరకపోతే కనీసం ఒక బ్యాచ్ అంతా ముందు వాలుకూ, మరోటి వెనక వాలుకూ వచ్చేలా విడదీసి పెట్టుకోండి. ఒకే వాలు మీద రెండూ కలవకూడదు. నేను ఎండాడలో ఆ పని చేయలేకపోయాను, ముందు వాలు అప్పటికే అయిపోయింది.

కట్టలను ఎండలో ఉంచకండి, నిలబెట్టి కూడా పెట్టకండి. మే నెల ఎండకు వెనక ఉండే జిగురు కరిగి షింగిల్స్ ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీస్తే పైనున్న రాతి పలుకులు ఊడి వస్తాయి. నీడలో, నేలకు తగలకుండా చెక్కల మీద, అడ్డంగా పరిచి పెట్టాలి. పని అయ్యాక మిగిలిన ఆ ఒక్క కట్టను మెట్ల కింది గదిలో అలాగే పడుకోబెట్టి, బ్యాచ్ నంబరునూ, మీరు వేసిన లెక్క కాగితాన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి దానికి అంటించండి. రేపు ఏ తుపానుకో నాలుగు షింగిల్స్ లేచిపోతే మేస్త్రీ వెతికేది ఆ కట్టనే.